పడని రక్తం

జూన్ 9, సోమవారం

ఇంజెక్షన్ వేయించుకుని వచ్చేద్దామని వెళ్ళాం. కాసేపటి పని. వస్తూ వస్తూ ఉయ్యాల ఒకటి బేరమాడదామని కూడా అనుకున్నాం.

ఇంజెక్షన్ వెయ్యలేదు.

మా ఆవిడ లెక్కల టీచరు. పెళ్ళికి ముందు నుంచీ నేను టీచరమ్మ అనే పిలుస్తాను. తనది నెగిటివ్ బ్లడ్ గ్రూపు, నాది పాజిటివ్. ఇలాంటి జంటల్లో తల్లికి ఏడో నెలలో ఒక ఇంజెక్షన్ ఇస్తారు. ఇచ్చేముందు రక్తం తీసి యాంటీబాడీలున్నాయేమో చూస్తారు. మూడో నెలలో చూసినప్పుడు లేవు. ఇప్పుడున్నాయి. కొద్దిగా కూడా కాదు, బాగానే ఉన్నాయి.

డాక్టరమ్మ కుర్చీ మా వైపు జరుపుకుని నెమ్మదిగా చెప్పింది. కడుపులో బిడ్డ నా గ్రూపు తెచ్చుకుని ఉంటే ఆ రక్తం తల్లి ఒంటికి పరాయిది. ఒక్క చుక్క వచ్చి కలిసినా ఒళ్ళు దాని ముఖం గుర్తుపెట్టుకుంటుంది. రెండోసారి కనపడితే మీద పడుతుంది. ఇంజెక్షన్ చేసే పనల్లా ఆ మొదటి చుక్క ముఖం తల్లికి కనపడకుండా దాచెయ్యడం. చూసేశాక ఇంక దాచేదేముందమ్మా, అంది.

మొదటిసారి ఎప్పుడు చూసిందో మా ఇద్దరికీ తెలుసు. రెండేళ్ళ క్రితం నాలుగో నెలలో ఒక కడుపు పోయింది. ప్రయాణంలో ఉన్నాం. దారిలో దొరికిన నర్సింగ్‌హోమ్‌లో శుభ్రం చేసి పంపేశారు. ఇంజెక్షన్ మాట ఎవరూ ఎత్తలేదు. అడగాలని మాకూ తెలీదు.

బస్సులో టీచరమ్మ కిటికీలోంచి చూస్తూ, నా ఒళ్ళు నా పిల్లనే కరుస్తోందన్నమాట, అంది. నేను ఉయ్యాల సంగతి ఎత్తాను. ఛ.

జూన్ 10

నేను మెడికల్ కోడర్ని. డాక్టర్లు రాసిన చార్టు చదివి ప్రతి జబ్బుకీ, ప్రతి చికిత్సకీ దాని కోడ్ వెయ్యడం నా ఉద్యోగం. జబ్బులకి నెంబర్లేస్తాడు మావాడు, అని అమ్మ అందరికీ చెప్తుంది. కొందరు నేను డాక్టర్ననుకుని మోకాళ్ళ నొప్పికి మందడుగుతారు.

ఏడాదిన్నరగా నాకు ప్రసూతి చార్టులే. అంతకు ముందు విరిగిన ఎముకలు. ఇంగ్లీషు ఓ అక్షరం, 36 అని మొదలయ్యే కోడ్ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. తల్లి నెగిటివ్, ఊరికే ఇంజెక్షన్ కోసం వచ్చింది అంటే ఒక కోడ్. యాంటీబాడీలు వచ్చేశాయంటే వేరే కోడ్. ఈ రెండిటినీ కలిపేసే కొత్తవాళ్ళకి క్లాసు పీకేది నేనే. నా మటుకు అది స్క్రీన్ మీద తేడా. నిన్న ఆ గదిలో కూర్చుంటే తెలిసింది ఎంత తేడానో.

ఆ కోడ్ చివర, కడుపులో ఎంతమంది అన్నదానికి ఒక అంకె ఉంటుంది. కవలలైతే ఒకటో బిడ్డకా, రెండో బిడ్డకా అని చెప్పాలి. ఒక్కరే అయితే సున్నా. ఇవాళ ఎవరిదో చార్టుకి ఆ సున్నా కొట్టి దాన్నే చూస్తూ కూర్చున్నాను. టీమ్ లీడ్ వచ్చి సిస్టమ్ హ్యాంగయిందా అనడిగాడు. అవునన్నాను.

మా దగ్గరికి చార్టు వస్తుంది, పోతుంది. తర్వాత ఆ బిడ్డ ఏమయిందో మాకెవరూ చెప్పరు.

జూన్ 16

స్కాన్. చేసే డాక్టరు పొడుగాటి మనిషి, మెడలో మఫ్లర్, ఏసీ పడదట. స్కాన్ చేస్తున్నంతసేపూ ఏదో కూనిరాగం తీస్తూనే ఉంటాడు. బయటికి రాగానే టీచరమ్మ ఆయనకి కూనిరాగం డాక్టర్ అని పేరు పెట్టేసింది.

బిడ్డ రక్తం పల్చబడితే తలలో నెత్తురు వేగంగా పరిగెడుతుందట. ఆ వేగం కొలుస్తాడు. సూది లేదు, నొప్పి లేదు. ఇవాళ్టికి బాగానే ఉందన్నాడు. వారం వారం రమ్మన్నాడు. బిడ్డ గ్రూపు అసలు ఏమిటో తల్లి రక్తంలోనే చూసే పరీక్ష ఉందట, దానికీ పంపించాడు. రెండు వారాలు పడుతుంది.

ఆఖర్న నన్నడిగాడు, మీ అమ్మానాన్నల గ్రూపులు తెలుసా అని. ఇద్దరిలో ఒకరు నెగిటివ్ అయితే నేను సగమే పాజిటివ్ అట. అప్పుడు బిడ్డకి నెగిటివ్ వచ్చే అవకాశం సగానికి సగం. నెగిటివ్ అయితే ఈ గొడవే లేదు.

నాన్న లేరు. ఆయనది బీ పాజిటివ్, ఆపరేషన్ అప్పుడు తెలిసింది. అమ్మది ఎవరికీ తెలీదు. అమ్మకీ తెలీదు.

జూన్ 18

అమ్మని బయల్దేరదీయడం ఒక యుద్ధం. ఈ వయసులో నా రక్తంతో పనేంట్రా, ఉన్న నాలుగు చుక్కలూ నన్నుంచుకోనీ, అంది. మనవరాలికోసం అంటే చెప్పులేసుకుంది. మనవరాలే అని అమ్మ ఖాయం చేసేసుకుంది. మేం కాదనలేదు.

ఏ నెగిటివ్.

ల్యాబ్ కిటికీ దగ్గరే ఎగిరి గంతెయ్యబోయాను. కూనిరాగం డాక్టర్ కూడా నవ్వాడు. తర్వాత మామూలుగానే అడిగాడు, మీకెంతమంది పిల్లలమ్మా అని.

"వీడొక్కడే," అంది అమ్మ. సంచి ఒళ్ళోకి లాక్కుని, "బతికింది," అంది.

ఆ తర్వాత చెప్పినవి నేనెప్పుడూ విననివి. ఇద్దరు పోయారని తెలుసు. ఎలా పోయారో తెలీదు. నా తర్వాత పుట్టిన పిల్ల బొద్దుగా ఉందట. మర్నాటికే ఒళ్ళంతా పచ్చబడిపోయిందట, కళ్ళతో సహా. మూడో రోజు పాలు మానేసింది. ఆ సాయంత్రం పోయింది. ఆ తర్వాతివాడు తొమ్మిదో నెలలో కడుపులోనే కదలడం మానేశాడు. అంతటితో ఆపేశారు. అమ్మ ఇదంతా సంచి పట్టీ వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చెప్పింది.

నాకు చిన్నప్పుడు విన్న మాటొకటి గుర్తొచ్చింది. గోడ అవతల మా మేనత్త ఎవరితోనో అంటోంది: అది కడుపు కాదే, దిగుడుబావి.

డాక్టరు నవ్వు ఆపేశాడు. ఇంకొక్క ట్యూబు రక్తమివ్వగలరా అమ్మా, అనడిగాడు.

జూన్ 20

ఉన్నాయి. ముప్పై ఏళ్ళు దాటినా అమ్మ రక్తంలో ఆ యాంటీబాడీలు ఇంకా ఉన్నాయి. టీచరమ్మకున్నవే.

కూనిరాగం డాక్టర్ తన కుర్చీ వదిలేసి బయటికొచ్చి, బెంచీ మీద అమ్మ పక్కన కూర్చుని చెప్పాడు. మీ రక్తానికీ వాళ్ళ రక్తానికీ పడలేదమ్మా, అంతే. పెద్దవాడు మొదటివాడు కాబట్టి తప్పించుకున్నాడు. అప్పట్లో ఆ ఇంజెక్షన్ మీదాకా వచ్చి ఉండదు, అన్నాడు.

అమ్మ ఆయన వైపు తిరిగింది. తర్వాత అడగడం మొదలుపెట్టింది.

"నేను తిన్నదాని వల్ల కాదా?"

"కాదమ్మా."

"నీళ్ళ బిందెలు మోశాను."

"దానివల్ల కాదు."

"ఆఖరివాడప్పుడు బాగా ఏడ్చేదాన్ని. పోయిన పిల్ల గుర్తొచ్చి. ఏడవకూడదన్నారు."

"ఏడిస్తే పిల్లలు పోరమ్మా."

ఆయన మఫ్లర్ సర్దుకుంటూ ఎటో చూశాడు. నేను నేలకేసి చూశాను.

ఇల్లు చేరగానే అమ్మ చెప్పులు విడిచింది. తిన్నగా టీచరమ్మ దగ్గరికెళ్ళి, చెయ్యి వెయ్యొచ్చా అమ్మాయ్, అంది. అప్పుడు తట్టింది నాకు. ఇన్ని నెలల్లో అమ్మ ఆ కడుపు మీద ఒక్కసారీ చెయ్యి వెయ్యలేదు. పక్క వాటాలో పసిపిల్ల పుట్టినా గుమ్మం దాటి లోపలికెళ్ళలేదు. మొహమాటం అనుకునేవాణ్ణి.

టీచరమ్మే ఆవిడ చెయ్యి పట్టుకుని పెట్టింది. ఇక్కడ కాదత్తయ్యా, ఇక్కడ, తంతోంది చూడండి.

జూన్ 21

అమ్మ ఒళ్ళు మొట్టమొదట చూసింది నా ముఖమే కదా. నేను ముందు పుట్టబట్టే ఆ ఇద్దరూ. ఈ మాట టీచరమ్మతో అన్నాను. పుట్టడం తప్ప నువ్వింకేం చేశావు, పెద్ద ఘనకార్యం చేసినట్టు మాట్లాడకు, అని తిట్టింది. ఆ తిట్టుకి ప్రాణం కాస్త కుదుటపడింది.

జూన్ 25

బొమ్మా బొరుసూ లెక్క ఏటా పిల్లలకి చెప్తాను, కాయిన్ కడుపులో ఉంటే ఎలా ఉంటుందో ఏ పుస్తకంలోనూ లేదు, అంది టీచరమ్మ ఇవాళ, పేపర్లు దిద్దుతూ.

జూన్ 30

బొరుసు. బిడ్డ పాజిటివ్. పాజిటివ్ అన్న మాటకి ఇద్దరం కూర్చుని ఏడ్చాం.

జూలై 1

ఇవాళ స్కాన్ మధ్యలో కూనిరాగం ఆగిపోయింది.

ముగ్గురికీ తెలిసింది. మిషన్ చప్పుడు మాత్రం మిగిలింది. మళ్ళీ కొలిచాడు. మళ్ళీ. వేగం గీత దాటింది, బిడ్డకి రక్తం తగ్గిపోతోంది అన్నాడు. ఇప్పుడే బయటికి తీస్తే మరీ చిన్నది. కడుపులో ఉండగానే రక్తమెక్కించాలి. గురువారం.

టీచరమ్మ పద్ధతంతా అడిగి తెలుసుకుంది. సూది ఎంత పొడవు, బొడ్డుతాడు ఎంత లావు, పొరపాటు జరిగితే ఏమవుతుంది. ఆయన దేన్నీ దాచలేదు. నూటికి ఏ ఒకరిద్దరికో కష్టమవుతుంది, ఎక్కించకపోతే మాత్రం అంతకంటే చాలా ఎక్కువ, అన్నాడు. తను తలూపింది. అంకెలు చెప్తే తనకి ధైర్యం. నాకు అంకెలంటేనే భయం పట్టుకుంది.

జూలై 3, గురువారం, ఉదయం 8

అమ్మ తెల్లారకముందే తయారై కూర్చుంది. తన రక్తమిస్తానంటుంది. నాది నెగిటివ్ అని మీరే అన్నారుగా, అని బ్లడ్ బ్యాంక్ అమ్మాయితో వాదన. వయసు దాటిందమ్మా అంటే వినదు. చివరికి ఆ అమ్మాయే బతిమాలినట్టు చెప్పింది: మీ రక్తంలో ఆ కరిచేవి ఇంకా ఉన్నాయి పెద్దమ్మా, పాపకి మంచిది కాదు. అప్పుడు తగ్గింది. ఎవరిచ్చిందమ్మా మరి, అనడిగింది. పేరు చెప్పరట. ఓ నెగిటివ్, అంతే.

10.30

తీసుకెళ్ళారు. నన్ను రానివ్వలేదు. టీచరమ్మ స్ట్రెచర్ మీంచి, ఫోన్ చార్జింగ్ పెట్టు, అంది. అంతకంటే గొప్ప మాటలేం చెప్పుకోలేదు.

12.15

తలుపు అవతల కూనిరాగం వినిపించింది. ఆయన బయటికి రాకముందే. ఏ పాటో పోల్చుకోలేకపోయాను. అంత అన్యాయంగా పాడే మనిషి మీద ఇంత ప్రేమ పుడుతుందనుకోలేదు.

బాగా ఎక్కింది, అన్నాడు.

సాయంత్రం 4

టీచరమ్మకి తెర కనిపించిందట. బొడ్డుతాడులోంచి రక్తం చినుకుల్లా మెరుస్తూ వెళ్ళిందట. బిడ్డ కదిలితే సూది తప్పుతుందని మత్తిచ్చారు. ఆ మత్తు దిగితే కదులుతుంది. ఇంకా కదల్లేదు. గుండె కొట్టుకుంటోంది, మానిటర్ మీద వినపడుతోంది. అయినా కదలాలి కదా.

అమ్మ మంచం పక్కన స్టూలు మీద. చెయ్యి కడుపు మీదే. తీయమన్నా తీయదు. ఈ గదిలో కడుపు కదలకపోవడమంటే ఏమిటో తెలిసిన మనిషి తనొక్కతే.

5.40

ముందు తెలిసింది అమ్మకే. "తన్నింది!" అని అరిచింది. నర్సు పరిగెత్తుకొచ్చింది, ఎవరిని ఎవరు తన్నారని.

జూలై 21

రెండోసారి ఎక్కించారు. ఈసారి నేను క్యాంటీన్‌లో కడుపునిండా తిన్నాను.

జూలై 29

ఆఫీసులో నా క్యూలోకి అలాంటి కేసే వచ్చింది. ఎవరో ఎక్కడో. కడుపులోని బిడ్డకి రక్తమెక్కించారు. ప్రొసీజర్ నోట్ సగం పేజీ. చివర అన్ని నోట్లలోనూ ఉండే లైను: పేషెంట్ టాలరేటెడ్ ద ప్రొసీజర్ వెల్. పేషెంట్ బాగానే తట్టుకుందని. దానికి కోడ్ లేదు. అందుకని దాన్ని ఎవరమూ చదవం, కళ్ళు దాని మీంచి జారిపోతాయి. ఇవాళ చదివాను. ఫోన్ చార్జింగ్ పెట్టు అన్న ముఖం కనిపించింది.

కోడ్ వేసి సబ్మిట్ కొట్టాను. ఆ తల్లి ఎవరో, ఆ బిడ్డ బాగుండాలి.

టీమ్ లీడ్ వచ్చి పక్కన నిలబడ్డాడు. సిస్టమ్ మళ్ళీ హ్యాంగయిందేమో, పదో తారీకు నుంచి లీవు పెట్టేసుకో, అన్నాడు. మంచివాడు.

ఆగస్టు 11, సోమవారం

పుట్టింది!

మనవరాలే. అమ్మ మాటే నెగ్గింది. ఏడుపు మామూలు ఏడుపు కాదు, హాలు చివర ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. టీచరమ్మ క్షేమం. నాకు చూపించి వెంటనే పిల్లల వార్డుకి తీసుకెళ్ళి కామెర్లు తగ్గించే నీలం దీపాల కింద పెట్టారు. రంగు అప్పుడే కాస్త పచ్చగా ఉంది. అనుకున్నదేనన్నారు.

పుట్టిన క్షణం నుంచి బిడ్డకి వేరే చార్టు తెరుస్తారు. తల్లి కోడ్లు బిడ్డ చార్టులో వెయ్యకూడదు. మా రూలు. ఇన్నాళ్ళూ పరీక్షలో వచ్చే ప్రశ్నగానే తెలుసు. ఇవాళ ఆ రూలు ఎంత బాగుందో! ఇంక ఆ ఒంట్లోది ఈ ఒంట్లోకి రాదు.

ఆగస్టు 12

పచ్చదనం పెరిగింది. కళ్ళకి గంతలు, ఒంటి మీద డైపర్ తప్ప ఏమీ లేదు, నీలం వెలుతురులో చేపపిల్లలా ఉంది. ఇంకా పెరిగితే రక్తం మొత్తం మార్చాల్సి రావచ్చన్నారు. నేను ఆ మాట అమ్మకి చెప్పలేదు. చెప్పక్కర్లేదు. రెండో రోజంటే అమ్మకి తెలుసు. అద్దం దగ్గర్నుంచి కదలదు, కూర్చోదు. నర్సు వచ్చినప్పుడల్లా ఎంతుందమ్మా అని అడుగుతుంది. నెంబరు చెప్తే అర్థం కాదు, అయినా అడుగుతుంది.

ఆగస్టు 13

పెరగలేదు. తగ్గనూ లేదు.

ఆగస్టు 14

తగ్గింది! ఉదయం తగ్గింది, సాయంత్రానికి ఇంకా తగ్గింది. రక్తం మార్చే పని లేదన్నారు.

అమ్మ అద్దం ముందు నిలబడే చెప్పింది. "ఆ పిల్లని కిటికీ దగ్గర పడుకోబెట్టానురా. ఎందుకో, కాస్త వెలుతురు తగిలితే బాగుంటుందనిపించింది. గాలి తగులుతుందని మీ మేనత్త తీసేసింది."

పిల్లల డాక్టరు అక్కడే ఉన్నాడు. విన్నాడు. వెలుతురు మంచిదేనమ్మా, ఆ జబ్బుకి కిటికీ వెలుతురు మాత్రం చాలేది కాదు, అన్నాడు. మీరు అక్కడే ఉంచినా ఆగేది కాదు.

అమ్మ మొదటిసారి కుర్చీలో కూర్చుంది. ఏదైనా తినడానికి పట్రా, అంది.

ఆగస్టు 16

పాప బ్లడ్ గ్రూపు రిపోర్టు వచ్చింది. ఓ నెగిటివ్.

నాది ఏబీ. నాకు ఓ గ్రూపు పిల్ల పుట్టదు. టీచరమ్మ రిపోర్టు రెండు చేతులతో పట్టుకుని, లెక్క ప్రకారం ఈ పిల్ల నీది కాదు, అంది. కుట్లు నొప్పెడుతున్నా ఆగకుండా నవ్వుతోంది. ఇప్పుడు పాప ఒంట్లో తిరుగుతున్నది దాదాపు అంతా ఎక్కించిన రక్తమేనట. కొన్ని నెలల్లో సొంతది వస్తుంది, అప్పుడు అసలు గ్రూపు బయటపడుతుంది. అప్పటిదాకా ఇంట్లో ఆడవాళ్ళంతా నెగిటివ్, నేనొక్కణ్ణే పరాయివాణ్ణి అని తీర్మానించారు.

నెత్తురిచ్చిన ఆ మనిషి ఎవరో. ఇవాళ ఏం చేస్తున్నాడో, లేక చేస్తోందో.

ఆగస్టు 31

మేనత్త వచ్చింది. అమ్మే ఫోన్ చేసి పిలిచింది. నేనొద్దన్నాను. నువ్వు నోర్మూసుకో, అంది.

మేనత్తకి మోకాళ్ళు అరిగిపోయాయి. పట్టుకుని మెట్లెక్కించాల్సి వచ్చింది. అమ్మ పాపని తీసుకొచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టి, ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పింది. రక్తం పడకపోవడం, యాంటీబాడీలు, నీలం దీపాలు. డాక్టరు కంటే బాగా చెప్పింది. మీ అన్నయ్య రక్తానికీ నా రక్తానికీ పడలేదమ్మాయ్, అంతే, మిగతావన్నీ పడ్డాయి, అంది.

మేనత్త పాప చుట్టూ గుడ్డ సర్దింది. తర్వాత, "నేనెప్పుడూ నిన్నేమీ అనలేదు కదా వదినా," అంది.

నా ఒళ్ళు మండింది. నోరు తెరవబోయాను. అమ్మ నావైపు చూసిన చూపుకి మూసేశాను.

ఆవిడ వెళ్ళాక అమ్మ గిన్నెలు సర్దుతూ నవ్వుకుంటోంది. అనలేదటరా, పోనీలే, అంది. అననట్టే ఉంది ఇప్పుడు నాకూ.

సెప్టెంబర్ 15

ఇవాళ్టి రక్త పరీక్ష కూడా బాగుంది. మళ్ళీ ఎక్కించాల్సిన పని లేదు, ఇంకొన్నాళ్ళు చూస్తూ ఉందాం చాలు, అన్నారు. పాప బరువు పెరిగింది. నేనూ పెరిగాను. టీచరమ్మ మళ్ళీ పేపర్లు దిద్దుతోంది.

సెప్టెంబర్ 21, ఆదివారం, మధ్యాహ్నం

ముగ్గురూ నిద్రపోతున్నారు. అమ్మ కూడా. పగటిపూట అమ్మ పడుకోగా చూడటం ఇదే మొదలు. నోరు తెరుచుకుని గురక. అమ్మ కళ్ళజోడు తాడు పాప పిడికిట్లో ఉంది. విడిపిద్దామని వంగాను.

"ముట్టుకోకు," అంది టీచరమ్మ, కళ్ళు తెరవకుండానే.